బగమోయో మిషన్ చూడండి, పిల్లల చేత పాటలు పాడించే చోటికి మాత్రం వెళ్ళకండి

టాంజానియాలో దార్ ఎస్ సలామ్‌లో ఉండే మన తెలుగువాళ్ళు నాలుగు రోజులు సెలవొస్తే జాంజిబార్ దీవికి ఫెర్రీ ఎక్కుతారు. అదే తీరంలో ఉన్న బగమోయో ఊరంటే "అక్కడేముందండీ, పాత గోడలు" అంటారు. పాత గోడలే, కాదనను. కానీ మా అత్తయ్య ఒంగోలు నుంచి వచ్చి ఉన్నారు. పుట్టు బాప్టిస్టు, ఒంగోలులో పనిచేసిన పాతకాలపు మిషనరీ క్లౌ దొర పేరు చెబితే ఇప్పటికీ చేతులు జోడిస్తారు. ఆవిడని బీచి రిసార్టుకి తీసుకెళ్ళి ఏం చూపిస్తాం? అందుకని ఈ పాత మిషన్‌కి వెళ్ళాం. మిషన్ బ్రహ్మాండంగా ఉంది. దాని పేరు వాడుకుని పక్కన నడుస్తున్న వ్యాపారం చూశాక మాత్రం ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను.

దార్ నుంచి 70 కిలోమీటర్లకి అటూ ఇటూ. మకుంబుషో స్టాండు నుంచి దలదలాలు (మన షేర్ ఆటోలకి అన్నగార్లు) దొరుకుతాయి, చాలా చవక, కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని అందులో కుక్కి తీసుకెళ్ళలేం. రాత్రి ఉండి మర్నాడు తిరిగొచ్చేలా కారు మాట్లాడితే 1,60,000 షిల్లింగులు అయింది. రూపాయికి 30 షిల్లింగులు అని ఉజ్జాయింపుగా లెక్కేసుకోండి.

బస సంగతి క్లుప్తంగా చెప్తాను, తలుచుకుంటే బీపీ పెరుగుతుంది. సముద్రం ఒడ్డున ఒక లాడ్జి. నాకూ మా ఆవిడకీ ఇక్కడ ఉండే పర్మిట్ ఉంది కాబట్టి గది 90,000 అన్నారు, ఒప్పుకున్నాం. అత్తయ్య పాస్‌పోర్టు చూడగానే ఆవిడ విజిటర్ కాబట్టి పక్క గదికి 60 డాలర్లు అన్నాడు, అదీ నోట్ల రూపంలో. డాలర్లలో ధరలు చెప్పకూడదని 2025లో ఈ దేశమే నిబంధన పెట్టింది కదయ్యా అంటే నవ్వి ఊరుకున్నాడు. చివరికి 1,30,000కి దిగాడు. ఏసీ రిమోట్ అడిగితే కరెంటు లేదు, కరెంటు వచ్చాక రిమోట్ లేదు. దోమతెరకి నా పిడికిలి పట్టేంత చిల్లు ఉంటే మా ఆవిడ దాన్ని హెయిర్ క్లిప్పులతో బిగించింది, ఆ తర్వాత రాత్రంతా నాతో మాట్లాడలేదు. సముద్రం గాలి బాగుంది, అది ఉచితం.

ఇక మిషన్. ఊరు దాటగానే రెండు వైపులా ముసలి మామిడి చెట్లు, మధ్యలో మట్టి దారి. 1868లో ఫ్రెంచి కతోలిక ఫాదర్లు, హోలీ గోస్ట్ సంఘం వాళ్ళు, జాంజిబార్ నుంచి ఇటు దాటి వచ్చి దీన్ని పెట్టారు. అప్పటికి బగమోయో ఏనుగు దంతాలకీ మనుషులకీ రేవు. లోపలి సరస్సుల దగ్గర్నుంచి నెలల తరబడి నడిపించుకొచ్చిన బానిసలని ఇక్కడ పడవలెక్కించి జాంజిబార్ సంతకి పంపేవాళ్ళు. ఫాదర్లు డబ్బిచ్చి కొందరిని విడిపించి, ముఖ్యంగా పిల్లల్ని, ఇక్కడ స్వేచ్ఛా గ్రామం అని ఒకటి కట్టి అందులో పెట్టారు. 1876 నాటి సిస్టర్ల ఇంట్లోనే ఇప్పుడు మ్యూజియం ఉంది. మా దగ్గర తలకి 10,000 తీసుకుని రసీదు ఇచ్చారు. రసీదు సంగతి గుర్తుపెట్టుకోండి.

అక్కడ మాకు తిప్పి చూపించిన కుర్రాడు ఎంత బాగా చెప్పాడంటే, అత్తయ్యకి నేను తెలుగులో చెప్పేలోపే ఆవిడ వాడి మొహం చూసి సగం అర్థం చేసుకున్నారు. గొలుసులు, ఫోటోలు, చిన్న చిన్న మంచాలు చూపించి, విడిపించిన పిల్లలు ఆ తర్వాత గంట కొడితే లేచి, గంట కొడితే పొలానికెళ్ళి, ఫాదర్లు చూపించిన సంబంధాలే చేసుకుని బతికారని కూడా దాచకుండా చెప్పాడు. అది నాకు నచ్చింది. మన దగ్గర చాలా మ్యూజియాల్లో ఇంత నిజాయితీ ఉండదు. అత్తయ్య కాసేపు ఆలోచించి "కరువులో మనవాళ్ళకీ క్లౌ దొర కాలవ పని ఇప్పించాడు బాబూ, ఆ తర్వాతే గుండ్లకమ్మలో ఒక్కరోజు 2,222 మందికి బాప్తిస్మం. తిండి కోసం మతంలో కలిశారని అప్పుడూ అన్నారు" అన్నారు. 1878 నాటి మాట అది. ఒంగోలు ఆవిడ బగమోయోలో నిలబడి ఇలా అంటారని నేను అనుకోలేదు. అయితే ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషన్) వాళ్ళ గుడి కాబట్టి మరియమ్మ విగ్రహం దగ్గర మాత్రం కొంచెం పక్కకి తిరిగి నడిచారు.

1872లో కట్టిన మొదటి గుడిలో ఇప్పుడు గోపురం మాత్రమే మిగిలింది. ఆఫ్రికా అంతా తిరిగిన మిషనరీ యాత్రికుడు డేవిడ్ లివింగ్‌స్టన్ 1873లో ఇప్పటి జాంబియాలో చనిపోతే, ఆయన దగ్గర పనిచేసిన చుమా, సూసీ, ఇంకా కొందరు గుండెని అక్కడే చెట్టు కింద పాతిపెట్టి, శవాన్ని ఉప్పు వేసి ఎండబెట్టి, పదిహేను వందల కిలోమీటర్ల పైనే మోసుకొచ్చి 1874 ఫిబ్రవరిలో ఈ గోపురంలో ఒక రాత్రి ఉంచారు. శవం వెంట లండన్ దాకా వెళ్ళిన జేకబ్ వెయిన్‌రైట్ మన నాసిక్‌లోని మిషన్ బడిలో చదువుకున్నవాడు. పేరంతా లివింగ్‌స్టన్‌కి పోయింది, నడిచింది వీళ్ళు. ఆవరణలో ఫాదర్ల సమాధులు కూడా చూడండి, రాళ్ళ మీద వయసులు చదివితే జ్వరాలు ఎలా తినేశాయో తెలుస్తుంది.

బయటికి రాగానే మామిడి చెట్ల కింద ఒకడు పట్టుకున్నాడు. చక్కటి ఇంగ్లీషు, మెడలో సిలువ. "మిషన్ పిల్లల్ని చూడకుండా వెళ్తారా మమ్మా" అని అత్తయ్యనే అడిగాడు, ఎవరిని అడగాలో వాడికి తెలుసు. బజాజీలో (ఇక్కడ ఆటోని అదే అంటారు) తీసుకెళ్ళింది ఒక రేకుల ఇంటికి. మిషన్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదని తర్వాత మిషన్ ఆఫీసులో చెప్పారు. మేం దిగేసరికి పిల్లలు లైనులో ఉన్నారు. మధ్యాహ్నం ఎండలో చిన్నా పెద్దా నిలబడి చప్పట్లు కొడుతూ మూడు పాటలు పాడారు. తర్వాత ఒక పుస్తకం తెచ్చి ముందు పెట్టారు, పేరు, దేశం, ఎంత ఇచ్చారు అని గళ్ళు. పై వరసల్లో అన్నీ 100 డాలర్లు, 200 డాలర్లు, ఒకే రంగు ఇంకుతో, దాదాపు ఒకే చేతిరాతతో.

అత్తయ్య ఏడ్చేశారు, పర్సు తీశారు. నేను నాకొచ్చిన స్వాహిలీలో ఒక పిల్లాడిని మీ అమ్మ ఎక్కడ అని అడిగితే, చేపల మార్కెట్లో వేపుడు అమ్ముతుంది అన్నాడు. అనాథాశ్రమం అని బోర్డు. అది నడిపే పెద్దాయన పిల్లాడిని లోపలికి పంపేసి, మీకు స్వాహిలీ సరిగ్గా రాదులెండి అని నాతో అన్నాడు. అత్తయ్య 50,000 ఇచ్చారు, రసీదు అడిగితే "దేవుడు చూస్తున్నాడు" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బజాజీవాడు రాను పోను 20,000 అన్నాడు, మామూలుగా రెండు మూడు వేలు దాటని దూరానికి. ఇద్దరి మధ్యా వాటా ఉందని చెప్పడానికి చదువు అక్కర్లేదు. పిల్లల మీద నాకు కోపం లేదు, ఆ ఊళ్ళో పేదరికం కూడా నాటకం కాదు. వల లాగే రోజు కూలి ఎంతో అడిగితే మీకే తెలుస్తుంది. కానీ తల్లి ఉన్న పిల్లాడిని అనాథ అని ఎండలో నిలబెట్టే మనిషికి డబ్బిస్తే, రేపు ఇంకో ఇద్దరిని తెచ్చి నిలబెడతాడు. ఇవ్వాలనుంటే మిషన్ ఆఫీసులో రసీదు తీసుకుని ఇవ్వండి, లేదా ఆ తల్లుల దగ్గర చేపలు కొనండి.

అత్తయ్య మూడ్ బాగుపడింది కూడా ఆ మార్కెట్లోనే. పాత జర్మన్ కస్టమ్స్ ఇల్లు పక్కనే, తెరచాప పడవల ముందు. కానగంతలు చూడగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. భాష రాకుండానే వేళ్ళతో బేరమాడి, అప్పటికప్పుడు నూనెలో వేయించిన చేపలు, ఉగాలి (మొక్కజొన్న పిండి) ముద్ద, పచ్చిమిరప నిమ్మకాయ కలిపిన కచుంబరి, ముగ్గురికీ 18,000. ఈ మధ్య నేను తిన్న వాటిలో ఇంత రుచైన భోజనం లేదు. లాడ్జిలో ఆ రాత్రి చల్లారిన చిప్స్‌కి, గట్టి కోడికి 45,000 పోశాం మరి.

ఆదివారం పొద్దున పూజకి తప్పకుండా ఉండండి. 1910 తర్వాత కట్టిన కొత్త గుడి నిండిపోయింది, ఒకే రంగు కితెంగె బట్టల్లో గాయక బృందం, డప్పులు, రెండు గంటలపైనే. కానుకలకి జనం నాట్యం చేస్తూ వెళ్ళారు, ఒకామె కోడిని తెచ్చింది. బాప్టిస్టు అత్తయ్య కూడా చప్పట్లు కొట్టారు, ఇంటికెళ్ళాక పాస్టరుగారికి చెప్పొద్దన్నారు.

నా సలహా: పొద్దున్నే బయల్దేరి, మిషన్, మార్కెట్ చూసుకుని సాయంత్రానికి దార్ చేరిపోండి, లేదా ఆదివారం పూజకే వెళ్ళండి, అక్కడ రాత్రి గడపక్కర్లేదు. చిల్లర నోట్లు, దోమల మందు పట్టుకెళ్ళండి. భుజాలు, మోకాళ్ళు కప్పుకోండి, ఊళ్ళో ఎక్కువమంది ముస్లింలు. ఎండు నెత్తళ్ళు (ఇక్కడ దగా అంటారు) కొంటే రెండు కవర్లలో కట్టించుకోండి. మేం ఒక కవరే కట్టించాం, వాసనకి డ్రైవరు దార్‌లో దిగాక కారు కడిగించాలని 5,000 ఎక్కువ తీసుకున్నాడు, ఆ ఒక్కడి దగ్గర మాత్రం నేను బేరమాడలేదు.