హీలియోస్ 44-2: ఏళ్ల వాడకం తర్వాత, ఆ సుడి బోకే గురించి

బ్యాక్‌గ్రౌండ్ ఎంత మసకబారాలో చాలావరకు అపర్చరే (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం) తేలుస్తుంది. కానీ ఆ మసక తీరు, అంటే బోకే, ఏ రూపంలో పడాలో లెన్సు లోపలి గాజుల అమరిక చేతిలో ఉంటుంది. ఈ తేడాను సోవియట్ కాలపు హీలియోస్ 44-2 చూపించినంత స్పష్టంగా చూపే చవక లెన్సు మరొకటి లేదని నా అభిప్రాయం. ఫోకల్ లెంగ్త్ 58 ఎం.ఎం., రంధ్రం పూర్తిగా తెరిస్తే ఎఫ్/2 (ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). జర్మన్ జైస్ బయోటార్‌కు నకలు: నాలుగు గ్రూపుల్లో ఆరు గాజులు, రంధ్రాన్ని మార్చే ఎనిమిది బ్లేడ్లు, కెమెరాకు బిగించే ఎం42 మరచుట్టు.

ఫ్రేము మధ్యలో వెలుగు చుక్కలు గుండ్రంగానే వస్తాయి. అంచులకు పోయేకొద్దీ బాదంపప్పులా నొక్కుకుపోయి, మధ్య భాగం చుట్టూ వలయం కట్టి తిరుగుతున్నట్టు ఉంటాయి. ఇదే ఆ సుడి. ఏటవాలుగా వచ్చే కాంతిని ముందు, వెనక గాజుల అంచులు కొంత కోసేయడమే ప్రధాన కారణం. ఆస్టిగ్మాటిజం, ఫీల్డ్ కర్వేచర్ అనే లెన్సు దోషాలు తోడై సుడి ఇంకా బలపడుతుంది. నమ్మకం కలగాలంటే లెన్సును ఎఫ్/2లో ఉంచి తెల్లగోడ వైపు పట్టుకుని, కాస్త వంచి చూడండి. గుండ్రటి రంధ్రం కళ్లముందే బాదం ఆకారంలోకి మారుతుంది.

ఎఫ్/2.8కి సుడి తగ్గుతుంది, ఎఫ్/4కి దాదాపు పోతుంది. అప్పటికి బ్లేడ్ల రంధ్రమే చిన్నదైపోయి, గాజుల అంచులు కాంతికి అడ్డురావు. చుక్కలు మాత్రం ఎనిమిది పలకలుగా కనిపిస్తాయి. చిన్న సెన్సరుండే ఏపీఎస్-సీ కెమెరాలో అంచులు కోతపడతాయి కాబట్టి అసలు అందం బయటే మిగిలిపోతుంది. ఈ లెన్సు కొనేది సుడి కోసమైతే పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఉండాల్సిందే.

దూరాలు కుదరకపోతే ఎఫ్/2లో కూడా సుడి రాదు. మనిషి ఒకటిన్నర మీటర్లలో, వెనక చెట్టు ఐదారు మీటర్లలో ఉంటే బాగా పడుతుంది. వేప, చింత లాంటి చిన్నాకుల చెట్లు, ఆకుల సందుల్లోంచి వెలుగు చుక్కలు దిగే వేళ చూసుకోండి. సాదా గోడ ముందు ఏ సుడీ కనిపించదు. ఎఫ్/2లో, ఒకటిన్నర మీటర్ల దూరంలో ఫోకస్ లోతు (స్పష్టంగా కనిపించే మేర) దాదాపు 8 సెం.మీ. మాత్రమే, అర మీటరు దగ్గర సెంటీమీటరు కూడా ఉండదు. పీకింగ్‌ను (ఫోకస్ పడిన అంచులను తెరపై రంగుతో చూపే సదుపాయం) నమ్మకుండా, కంటిమీదకు జూమ్ చేసి ఫోకస్ పెట్టండి.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలో ఎం42 అడాప్టర్ చాలు. మెనూలో 'లెన్సు లేకున్నా షట్టర్' ఆన్ చేయాలి, బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఉంటే ఫోకల్ లెంగ్త్ 58 అని నమోదు చేయాలి. నికాన్ డీఎస్ఎల్ఆర్‌కు మాత్రం వద్దు. గాజు లేని అడాప్టర్‌తో దూరపు వస్తువులు ఫోకస్ కావు, గాజున్నది పెడితే షార్ప్‌నెస్ దెబ్బతింటుంది.

ఎదురు వెలుతురులో కాంట్రాస్ట్ బాగా పడిపోతుంది. 49 ఎం.ఎం. హుడ్ తగిలిస్తే చాలావరకు నయం. అపర్చర్‌కు రెండు రింగులు: ఒకటి ఎఫ్ నంబర్‌ను నిర్ణయిస్తుంది, క్లిక్కుల్లేని రెండోది తెరుస్తుంది, మూస్తుంది. ఆ రెండోది పొరపాటున కదిలితే ఎఫ్/2 అనుకుని ఎఫ్/5.6లో తీసేస్తారు. సుడి ఏమైందా అని వెతికేముందు అదొకసారి చూసుకోండి.

కొనేటప్పుడు ఫోకస్ రింగు పూర్తిగా తిప్పండి. పాత గ్రీజు ఎండితే బిగుసుకుపోతుంది, మళ్లీ గ్రీజు పెట్టించాలి. వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. సాలెగూడులా దారాలు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. సముద్రతీర ఊళ్లలో ఉండేవాళ్లు మంచి లెన్సును కూడా సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలోనే ఉంచాలి.