పోలార్ హెచ్10 ఛాతీ పట్టీ: కొలత నమ్మొచ్చు, జోన్లు నమ్మొద్దు

స్టెంట్ వేశాకో, బైపాస్ అయ్యాకో డాక్టరు వ్యాయామానికి సరేనన్నాక, గుండె వేగం చూసుకోవడానికి చేతి వాచీ కంటే ఇదే నయం. వాచీ చర్మం కింది రక్తప్రవాహాన్ని వెలుతురుతో చూస్తుంది. బెల్టు వదులైనా, ట్రెడ్‌మిల్ కడ్డీని గట్టిగా పట్టుకున్నా తడబడుతుంది. ఒక్కోసారి గుండెను వదిలేసి అడుగుల్నే లెక్కపెడుతుంది. హెచ్10 నేరుగా గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది.

అయితే పొడిగా కట్టుకుంటే ఇదీ అంతే. పట్టీ వెనకున్న ఎలక్ట్రోడ్లను నీళ్లతో తడిపి, రొమ్ముల కిందుగా బిగుతుగా కట్టాలి. మొదట్లోనే అంకె ఉన్నట్టుండి 160కి ఎగిరితే కంగారుపడే ముందు తడి చూసుకోండి. నలతగా ఉంటే మాత్రం అంకె సంగతి తర్వాత, ముందు ఆగిపోవాలి.

అసలు చిక్కు యాప్‌లో ఉంది. చాలా యాప్‌లు 220లోంచి వయసు తీసేసి, అదే గరిష్ఠ వేగమనుకుని జోన్లు (వ్యాయామంలో గుండె వేగం ఉండాల్సిన హద్దులు) కట్టేస్తాయి. 58 ఏళ్ల మనిషికి గరిష్ఠం 162, అందులో 80 శాతం దాదాపు 130. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ మాత్ర వాడే అదే మనిషి టీఎంటీలో (ట్రెడ్‌మిల్‌పై నడిపించి చేసే గుండె పరీక్ష) 122 దాటలేదనుకోండి, ఈ జోన్ ఆయన అందుకోలేని ఎత్తులో ఉన్నట్టే! రోజూ వేసుకునే మాత్రలు వేసుకుని చేసిన టీఎంటీ అంకెనే తీసుకోవాలి. విశ్రాంతి వేగం 62 అయితే, 122లోంచి అది తీసేయగా మిగులు 60. అందులో 40 నుంచి 70 శాతాన్ని ఆ 62కి కలిపితే 86–104. ఈ హద్దుల్ని డాక్టరుకు చూపించి, యాప్‌లో చేత్తో ఎక్కించుకోండి. టీఎంటీలో నొప్పో, ఈసీజీ మార్పో కనిపించి ఉంటే, అది మొదలైన వేగానికి కనీసం 10 తక్కువలో ఆగాలి. ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే, ఒంట్లో అమర్చిన పరికరం) ఉన్నవాళ్లు అది షాక్‌కు సిద్ధమయ్యే వేగాన్ని అడిగి తెలుసుకోవాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఉంటే అంకెలు నిలకడగా ఉండవు, అక్కడ ఆయాసమే కొలత: మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

లోటుపాట్లూ ఉన్నాయి. దీనికి తెర లేదు, అంకె చూడాలంటే ఫోనో వాచీయో పక్కనుండాల్సిందే. బైపాస్ కుట్లు, ట్యూబు పెట్టిన చోట్లు పూర్తిగా మానకముందు కడితే ఒరుసుకుంటుంది. వాడాక పాడ్ (పట్టీకి తగిలించే సెన్సర్ బిళ్ల) ఊడదీసి పట్టీని నీళ్లతో కడగాలి. దాన్ని తడి పట్టీకే వదిలేస్తే సీఆర్2025 బ్యాటరీ ఊరికే అయిపోతుంది.