స్టూడెంట్ ఫర్నిచర్ అమ్మడానికి ఎవరు మేలు? హాస్టల్ ఓనరా, రూమ్‌లో ఉండే పిల్లలా?

శ్రీకాకుళం, రాజాం, బొబ్బిలి వైపు నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. "అన్నా, తక్కువ రేటులో మంచాలు, టేబుళ్లు చేద్దామనుకుంటున్నాం, ఎవరిని పట్టుకోవాలి?" స్టూడెంట్స్‌కే కదా అమ్మేది, ఇందులో ఆలోచించడానికి ఏముంది అని నేనూ మొదట్లో అనుకున్నాను. విజయనగరంలో ఇలాంటి ఫర్నిచర్ చేసే షెడ్డు వేసి మూడో ఏడు నడుస్తోంది కాబట్టి ఇప్పుడు కాస్త ధైర్యంగా చెప్పగలను.

ముందు లెక్క దగ్గర మోసపోవద్దు. మా బావమరిది ఎచ్చెర్లలో షాపు పెడతానన్నాడు, అక్కడ అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది, వేలమంది పిల్లలు కదా అని. ట్రిపుల్ ఐటీ పిల్లలు ఆరేళ్లూ క్యాంపస్ హాస్టల్లోనే ఉంటారు, మంచం వాళ్లే ఇస్తారు, మన దగ్గర కొనేదేముంది? చింతలవలస ఇంజనీరింగ్ కాలేజీలకి రోజూ బస్సులో వచ్చి వెళ్లే వాళ్లూ అంతే. కాలేజీలో ఎంతమంది ఉన్నారో అనవసరం, ఆ చుట్టుపక్కల అద్దె గదులు ఎన్ని ఉన్నాయో వీధి వీధీ తిరిగి లెక్కపెట్టుకోండి. ఒక ఆదివారం చాలు.

ఇక అసలు పోటీ ఇద్దరి మధ్యే.

హాస్టల్ ఓనర్ వస్తే సంబరంగానే ఉంటుంది. ఒక్క దెబ్బకి ఇరవై, ముప్పై మంచాలు, అన్నీ ఒకే కొలత, ఆరడుగులు బై మూడు, కింద ఒకటి పైన ఒకటి. ఇనప గొట్టం టోకున కొంటే రేటు తగ్గుతుంది, వెల్డర్‌కి నెల పని దొరుకుతుంది. కానీ రేటు ఆయన చెప్పిందే. గొట్టం కాస్త పల్చటిది వేసెయ్ అని ఆయనే అంటాడు, ఆరు నెలలకి పై మంచం ఊగితే మాత్రం మన పేరే చెప్తాడు. మొదటి ఏడాది నేను ఒక హాస్టల్‌కి 24 మంచాలు చేశాను. సగం డబ్బు ముందే ఇచ్చారు, మిగతా సగం కోసం ఎనిమిది నెలలు తిరిగాను, ఆ ఎనిమిది నెలలూ ఇనుము షాపులో నా అరువు అలాగే ఉండిపోయింది. అందరూ అలా ఉండరు, ఈ మధ్య చేసిన ఇంకో హాస్టల్ వాళ్లు దింపిన రోజే లెక్క తేల్చారు. అయినా ఒకసారి కొన్నాయన మళ్లీ నాలుగైదేళ్ల దాకా మన గుమ్మం తొక్కడు.

రూమ్‌లో ఉండే పిల్లలు వేరు. మొదటి ఏడాది హాస్టల్లో ఉండి, తిండి పడక రెండో ఏడాది ముగ్గురు స్నేహితులు కలిసి గది తీసుకునే బీటెక్ కుర్రాళ్లు ఒక రకం. డీఎస్సీకో కానిస్టేబుల్‌కో చదువుకోవడానికి సాలూరు, పాలకొండ వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఇంకో రకం. మొదటి రకంలో తండ్రి కూడా వస్తాడు. "బాబూ, ఆడి సదువయ్యేదాకా ఉంటాదేటి ఇది?" అని ఆయన మంచం ఊపి చూస్తాడు, కొడుకేమో మూడో అంతస్తు మెట్ల మలుపులో పడుతుందా అని అడుగుతాడు. ఇద్దరికీ జవాబు ఒకటే, బోల్టులతో విడదీసే మంచం. డీఎస్సీ వాళ్లు మంచం సంగతి పెద్దగా పట్టించుకోరు, చాప మీదైనా పడుకుంటారు. రోజుకి పది గంటలు కూర్చోవాలి కాబట్టి టేబుల్ ఎత్తు, కుర్చీ వీపు చూస్తారు. పార్టికల్ బోర్డ్ (చెక్క పొట్టు అతికించి చేసిన అట్ట) టేబుల్ ఇచ్చి వాళ్లని మోసం చేయకండి, మన సముద్రపు గాలి తేమకి, గది కడిగిన నీళ్లకి రెండు వానాకాలాల్లో ఉబ్బిపోతుంది. ఇనప కాళ్లు, పైన తడికి తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం ప్లైవుడ్ వేస్తే ఖర్చు కాస్త పెరిగినా నిలుస్తుంది.

నా మటుకు నేను చూసేది ఒక్కటే, గది ఖాళీ చేసే రోజు. ఆ రోజు ఆ మంచం ఏమవుతుంది? ఊరికి తీసుకెళ్దామంటే ఆటో కిరాయి దండగ, పాత ఇనుముకి వేస్తే పెద్దగా ఏమీ రాదు, చాలామంది ఇంటి ఓనర్‌కే వదిలేసి పోతారు. ఆ భయంతోనే కొనకుండా నేల మీద చదువుకునే పిల్లలు బోలెడుమంది. అందుకే మేము వెనక్కి కొంటాం. మంచం, టేబుల్, కుర్చీ కలిపి 4,500. ఏడాదిలోపు తిరిగిస్తే 2,000 చేతిలో పెడతాం, అంటే పిల్లాడికి నెలకి రెండొందల చిల్లర పడినట్టు. రంగుకీ బోల్టులకీ మూడొందలు పెట్టి 3,200కి మళ్లీ అమ్ముతాం. కొత్త సెట్టు మీద 700 మిగిలితే ఈ పాత సెట్టు మీద 900 మిగులుతోంది. హాస్టల్ ఓనర్‌తో ఇది కుదరదు, ఆయన ఖాళీ చేసేది ఎప్పటికో.

కాలం కూడా కలిసొస్తుంది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకి మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది, పరీక్షలు జూన్‌లో మొదలయ్యాయి. నోటిఫికేషన్ వచ్చాక నెలన్నరే టైమ్, అప్పుడు ఎవరూ టేబుల్ కొనరు, వస్తుందట అన్న మాట వినపడినప్పుడే కొంటారు. జులైలో పరీక్షలు అయిపోగానే గదులన్నీ ఒక్కసారి ఖాళీ, ఆ సామాన్లు మా షెడ్డుకి చేరి రంగు ఆరేసరికి బీటెక్ వాళ్లు గదులు వెతుక్కుంటూ ఉంటారు.

ఇంట్లో పిల్లలకి టేబుల్ కొనే తల్లిదండ్రులు వస్తే అమ్మండి, వాళ్ల కోసం ప్రత్యేకంగా మోడళ్లు పెట్టుకోనక్కర్లేదు. కాలేజీ టెండర్లు ఈ సైజు షెడ్డుకి పని కాదు.

చేతిలో పెట్టుబడి ఉండి, డబ్బు ఆరు నెలలు ఆగినా టెన్షన్ పడనివాళ్లయితే హాస్టళ్లతో మొదలుపెట్టండి, తప్పేం లేదు. లేకపోతే రూమ్ పిల్లలే మేలు. మా బావమరిది ఎచ్చెర్ల మానేసి ఇప్పుడు శ్రీకాకుళం టౌన్‌లో కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల గదులు లెక్కపెడుతున్నాడు, నిన్నటికి రెండు వీధులు అయ్యాయట.