సీజన్‌ని బట్టి మారే పనికి ఆయా జీతం: గంటల లెక్కా, ఏడాదంతా ఒకే జీతమా, కనీస హామీనా?

బడి నడిచే రోజుల్లో సాయంత్రం నాలుగు గంటలు చూసుకుంటే చాలు. సెలవులొస్తే పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఆయా ఉండాల్సిందే. ఇలాంటి ఇంట్లో జీతం ఎలా మాట్లాడుకోవాలి? ఉదాహరణకి బడి ఉండే 40 వారాలు వారానికి 20 గంటలు, సెలవుల 12 వారాలు వారానికి 45 గంటలు అనుకుందాం. ఏడాదికి మొత్తం 1,340 గంటలు.

చేసిన గంటలకే డబ్బు ఇవ్వడం మొదటి పద్ధతి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ సెలవుల్లో మనకి 45 గంటలు ఇవ్వాలి కాబట్టి ఆవిడ మిగతా ఏడాది ఇంకో ఇంట్లో గట్టిగా కుదురుకోలేదు. మనం ఊరెళ్లిన వారం ఆవిడకి ఆదాయమే ఉండదు, ఇంటద్దె మాత్రం కట్టాలి. పని వేళలు నిర్ణయించేది మనం, ఖాళీ వారాల నష్టం ఆవిడది. ఎప్పుడో ఒకసారి వచ్చి చూసుకునే మనిషికైతే ఈ పద్ధతి సరిపోతుంది. మనల్నే నమ్ముకున్న మనిషికి సరిపోదు.

రెండోది, 1,340 గంటల్ని 52 వారాలకి పంచి, వారానికి దాదాపు 26 గంటల చొప్పున ప్రతి నెలా ఒకే జీతం ఇవ్వడం. ఇద్దరికీ నెల ఖర్చుల టెన్షన్ తగ్గుతుంది. చిక్కంతా మధ్యలో మానేస్తేనే. సెలవుల మొదట్లో చేరిన ఆయా 12 వారాలు 45 గంటలు చేసి 26 గంటల జీతమే తీసుకుంటుంది. అంటే 228 గంటల డబ్బు మన దగ్గరే ఉండిపోతుంది. అప్పుడు మనం పని మాన్పిస్తే? అదే బడి మొదలైనప్పుడు చేరితే లెక్క తిరగబడి, మనమే ముందు ఇచ్చినట్టవుతుంది. అందుకే గంటలు ఒక నోటుబుక్కులో రాసి ప్రతి నెలా ఇద్దరూ సంతకం చేయాలి. మానేసిన రోజున లెక్క ఎలా తేల్చుకోవాలో మొదటే కాగితం మీద పెట్టాలి. ఇంకో మాట: ఓవర్‌టైమ్‌ని వారం లెక్కన చూసే చట్టం ఉన్నచోట, ఒక వారం ఎక్కువైన గంటల్ని ఏడాది సగటులో కలిపేయడం కుదరదు.

నేను మొగ్గేది మూడోదానికి. పని ఉన్నా లేకపోయినా వారానికి 24 గంటల జీతం ఖాయం, అంతకు మించి చేసిన ప్రతి గంటకీ అదనం, చట్టం పెట్టిన పరిమితి దాటితే ఓవర్‌టైమ్ రేటు. మన ఉదాహరణలో ఏడాదికి 1,500 గంటల జీతం అవుతుంది, అంటే 160 గంటలు ఎక్కువ. అది దండగ ఖర్చు కాదు. మన సెలవుల కోసం ఆవిడ వేరే పని ఒప్పుకోకుండా ఉన్నందుకు ఇచ్చే డబ్బు. అంత ఇవ్వలేని ఇల్లయితే హామీని 20 గంటలకి తగ్గించుకోవచ్చు, హామీ అన్నదే లేకుండా మాత్రం వద్దు.

ఏది ఎంచుకున్నా విశ్రాంతి విషయంలో రాజీ పడకూడదు. ఇంటి పనివాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందం వారానికి కనీసం 24 గంటలు వరసగా విశ్రాంతి ఉండాలంటుంది, జీతం కనీసం నెలకోసారి చేతికి అందాలంటుంది. పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండే సమయాన్నీ, ఆ దేశ చట్టం చెప్పిన మేరకు, పని గంటల్లోనే లెక్కించాలంటుంది. ప్రయాణాల్లో ఆయాని వెంట తీసుకెళ్లేవాళ్లు ఈ చివరి మాట తప్పక గుర్తుపెట్టుకోవాలి. పిల్లలు నిద్రపోయాక కూడా ఆవిడ గది వదిలి వెళ్లలేకపోతే, ఆ సమయం ఆవిడది కాదు.

సెలవుల టైమ్‌టేబుల్ కనీసం నెల ముందే ఆవిడ చేతిలో పెట్టండి. పిల్లలు పెద్దవాళ్లై గంటలు శాశ్వతంగా తగ్గేటప్పుడు కూడా అంతే: ముందే చెప్పి, ఇంకో పని వెతుక్కునేదాకా ఒకటి రెండు నెలలు పాత హామీ జీతమే ఇవ్వండి.