"డాక్యుమెంటరీ స్టైల్ కదా సార్, ప్లాన్ ఎందుకు" అన్నవాళ్లకి అడ్వాన్స్ ఇవ్వకండి

కంపెనీ ఫిల్మ్, అదీ డాక్యుమెంటరీ స్టైల్లో తీయించుకుందామని చూస్తున్నవాళ్లెవరైనా ఉంటే డబ్బు పంపే ముందు ఇది ఒకసారి చదవండి. ఆ టీమ్ పేరు రాయడం లేదు, మాకూ వాళ్లకీ లెక్క ఇంకా తేలలేదు. పేరు తెలిసినా పెద్దగా లాభం లేదు లెండి, ఇదే మాట చెప్పి పని పట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారని ఈ ఆరు నెలల్లో బాగా తెలిసొచ్చింది.

మాది మెషిన్ విడిభాగాలు చేసే చిన్న యూనిట్. యాడ్‌లా కాకుండా, మా వాళ్లే మాట్లాడుతూ, పని జరుగుతూ కనిపించే మూడు నిమిషాల ఫిల్మ్ కావాలనుకున్నాం. ముగ్గురు కొటేషన్లు ఇచ్చారు. ఇద్దరి దాంట్లో ప్రీ ప్రొడక్షన్, అంటే షూటింగ్‌కి ముందు చేసే ప్లానింగ్, అని ఒక లైను, దానికి విడిగా డబ్బు. మూడోవాళ్ల దాంట్లో ఆ లైనే లేదు. కెమెరా ఆన్ చేయకముందే డబ్బులెందుకు, ఊరికే పెంచడానికి రాసుంటారులే అనుకుని మూడోవాళ్లకి ఇచ్చేశాం. అక్కడ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

షూటింగ్‌కి ముందు ఏమేం సిద్ధం చేసుకోవాలని ఫోన్లో అడిగితే ఆ డైరెక్టర్ అన్న మాట ఇది: "ఏమీ వద్దు సార్. ముందే రాసుకుంటే నేచురల్‌గా రాదు. మేం వస్తాం, మీ పని మీరు చేసుకోండి, మిగతాది ఎడిటింగ్‌లో చూసుకుంటాం." వినడానికి ఎంత హాయిగా ఉందో చూడండి. నిజానికి డాక్యుమెంటరీలకు తాత అని అందరూ చెప్పే నానూక్ ఆఫ్ ద నార్త్ అనే సినిమా 1922లో వచ్చింది, దానికి డబ్బు పెట్టిందే జంతువుల బొచ్చు తోళ్ల (ఫర్) వ్యాపారం చేసే ఒక కంపెనీ. అందులో మామూలు ఇగ్లూలో కెమెరాకి చోటూ వెలుతురూ చాలవని, ఒక పక్క తెరిచి ఉండే ఇగ్లూ ప్రత్యేకంగా కట్టించి మరీ తీశారు. అలా తీయడం సబబా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు, అది వేరే సంగతి. ఆ ఇగ్లూ మాత్రం ముందే ఆలోచించి కట్టించిందే, ఎడిటింగ్‌లో చూసుకుందాం అని వదిలేసింది కాదు.

సరే, షూటింగ్ రోజు. అంతకుముందు ఒక్కరంటే ఒక్కరు కూడా వచ్చి స్థలం చూడలేదు. పొద్దున్నే ఎనిమిదిమంది లైట్లతో దిగి, "ఎక్కడ పెట్టమంటారు సార్" అని నన్నే అడిగారు. మా ఆఫీసు గదిలో ఇంటర్వ్యూ పెట్టారు, గోడకి అవతల గాలి నింపే కంప్రెసర్. రోజూ వినేవాళ్లం కాబట్టి ఆ మోత మా చెవికి ఎక్కదు. వాళ్ల సౌండ్ మనిషికి ఎక్కాలి కదా, కానీ విడిగా సౌండ్ మనిషే లేడు, కెమెరా పట్టుకున్న కుర్రాడే మైక్ తగిలించి వదిలేశాడు, చెవులకి హెడ్‌ఫోన్స్ లేవు. మోత ఒకే తీరుగా ఉంటే ఎడిటింగ్‌లో కొంత తగ్గించొచ్చట. కంప్రెసర్ మాత్రం ట్యాంక్ నిండితే ఆగుతుంది, ప్రెషర్ తగ్గితే మళ్లీ మొదలవుతుంది. దాంతో ఎడిట్‌లో రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే ఒకదాని వెనక గుర్రుమని మోత, ఇంకోదాని వెనక నిశ్శబ్దం. ముందురోజు ఎవరైనా వచ్చి ఆ గదిలో పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చుంటే తెలిసిపోయే విషయం ఇది.

నాకు ఎక్కువ బాధనిపించింది మా ఫోర్‌మన్ సంగతి. యూనిట్ పెట్టిన రోజు నుంచీ ఉన్న మనిషి. వీడియో అనగానే కొత్త చొక్కా కొనుక్కుని వచ్చారు, సన్న గళ్లది. అలాంటి గళ్లు కెమెరాలో నీళ్లలా కదులుతూ కనిపిస్తాయి, దాన్ని మోయిరే అంటారు. సాదా చొక్కా వేసుకోండి అని ముందురోజు ఒక మెసేజ్ పెడితే పోయేది. ఆయన్ని కూర్చోబెట్టి అడిగిన ప్రశ్న, "మీ కంపెనీ గురించి చెప్పండి." ఆయన నిటారుగా కూర్చుని "మా కంపెనీ చాలా మంచి కంపెనీ" అన్నారు. ఇంకొంచెం ఫీల్‌తో చెప్పమన్నారు. ఆరుసార్లు చెప్పించారు, ఆరోసారికి ఆయన మొహం చూడలేకపోయాను.

ఆ తర్వాత లైట్లు మారుస్తుంటే పక్కకి వచ్చి నాతో అన్నారు, మన మొదటి పెద్ద ఆర్డర్ మొత్తం తిప్పి పంపేసిన రోజు గుర్తుందా, ఆ రాత్రి ఒక్కొక్క పీసూ మైక్రోమీటర్ పెట్టి కొలుస్తూ కూర్చున్నాను, తెల్లారేసరికి తప్పు మెషిన్‌ది కాదు, నా కొలతదని తేలింది, అప్పటినుంచి రెండోసారి కొలవకుండా ఏదీ బయటికి పంపలేదు, అని. ఇంకేం కావాలి? ఫిల్మ్ అంతా అక్కడే ఉంది. కెమెరా ఆఫ్‌లో ఉంది. డైరెక్టర్‌ని పిలిచి చెబితే మళ్లీ కూర్చోబెట్టి "ఇందాక చెప్పింది చెప్పండి" అన్నాడు, ఈసారి ఆయనకి సగం కూడా రాలేదు.

ఇప్పుడు తెలిసిందేంటంటే, పని తెలిసినవాళ్లు షూటింగ్‌కి ముందే ఫోన్లోనో ఎదురుగా కూర్చునో ఒక్కొక్కరితో పావుగంట, ఇరవై నిమిషాలు మాట్లాడతారు. ఎవరి దగ్గర ఏ కథ ఉందో అప్పుడే పట్టుకుంటారు. పూర్తిగా చెప్పనివ్వరు కూడా, "ఇది కెమెరా ముందు చెబుదురుగాని" అని అక్కడే ఆపేస్తారు, లేకపోతే రెండోసారి చప్పబడిపోతుంది. ప్రశ్నలు కూడా ఎలా పడితే అలా రాసుకోరు. అడిగేవాళ్ల గొంతు ఫిల్మ్‌లో ఉండదు కాబట్టి, జవాబు వింటే ప్రశ్నేంటో అర్థమయ్యేలా చెప్పించాలి. మా దాంట్లో "అవునండీ, అప్పుడే" అని మొదలయ్యే ముక్కలు బోలెడు, దేనికి అవునో ఎవరికీ తెలియదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మేం చూపించాలనుకున్న సీఎన్‌సీ మెషిన్ (కంప్యూటర్‌తో నడిచేది) షూటింగ్ జరిగిన రెండు రోజులూ సర్వీసింగ్‌లో ఉంది, ఏ రోజు ఏది నడుస్తుందని ఎవరూ అడగలేదు, మాకూ చెప్పాలని తట్టలేదు. షెడ్డులో తీసిన షాట్లలో నల్లటి చారలు పరుగెడుతున్నాయి, ఎల్ఈడీ లైట్ల వల్లనట. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట కెమెరా షటర్ స్పీడ్ సెకనులో 1/50 వంతు గానీ 1/100 గానీ, 60 ఉన్నచోట 1/60 గానీ 1/120 గానీ పెడితే చాలావరకు పోతాయి, ఐదు నిమిషాల టెస్ట్ షాట్ తీసినా బయటపడేది. ఇంకో ఘోరం, వెనక బోర్డు మీద మా కస్టమర్ డ్రాయింగ్ స్పష్టంగా పడింది. ఎవరికీ చూపించబోమని మేం సంతకం పెట్టి తీసుకున్న డ్రాయింగ్ అది. ఆ మూలన తీసిన షాట్లన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది. మధ్యలో ఉద్యోగం మానేసిన ఒకబ్బాయి తన మొహం వాడొద్దన్నాడు, మా దగ్గర చూపిద్దామంటే అనుమతి కాగితం లేదు.

మెమరీ కార్డుల గొడవ వేరే. 100 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున రికార్డ్ చేస్తే గంటకి దాదాపు 45 జీబీ అవుతుంది, రెండు కెమెరాలంటే లెక్క వేసుకోండి. కార్డులు చాలక మధ్యాహ్నం లాప్‌టాప్‌లోకి ఎక్కించి కార్డు ఖాళీ చేశారు, ఒకే ఒక్క కాపీ. మొదటిరోజు సౌండ్ ఫైళ్లు సగం అక్కడే పోయాయి. రెండు వేర్వేరు డిస్కుల్లో కాపీ అయ్యేదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదన్నది ఈ పనిలో ఓనమాలు అని తర్వాత ఇంకో టీమ్ వాళ్లు చెప్పారు.

మూడు నిమిషాల ఫిల్మ్ మొదటి కట్ తొమ్మిది నిమిషాలు వచ్చింది. మనిషి మామూలుగా మాట్లాడితే ఇంగ్లిష్‌లో నిమిషానికి 130 నుంచి 150 మాటలు, తెలుగులో మాటలు పొడుగు కాబట్టి ఇంకా తక్కువే. అంటే మూడు నిమిషాల్లో పట్టేది ఒకటిన్నర పేజీ మాటలు, అదీ ఊపిరి తీసుకోకుండా. మరి ఏడుగురిని ఇంటర్వ్యూ ఎందుకు చేసినట్టు? ఏం తీసేయాలో చెప్పమని మమ్మల్నే అడిగారు. మేం చెప్పలేకపోయాం, ఎందుకంటే ఈ ఫిల్మ్ ఎవరికోసం అన్నది మాలో మాకే తేలలేదు. సేల్స్ వాళ్లు కస్టమర్లకి అన్నారు, హెచ్ఆర్ వాళ్లు కొత్తగా చేరేవాళ్లకి అన్నారు. తర్వాత ఫోన్లకి నిలువు వీడియో కూడా కావాలన్నాం, అడ్డంగా తీసినదాన్ని కత్తిరిస్తే ఇద్దరిలో ఒకరి చెవి మాత్రమే మిగిలింది. ఇది చూసినవాళ్లు ఏం చేయాలి, ఎక్కడ చూస్తారు అని మొదటిరోజే అడిగి మా చేత రాయించుకోవాల్సింది. వాళ్లు అడగలేదని కోపమే గానీ, మేం మాత్రం ఏం ఆలోచించాం?

కాబట్టి మీరు ఎవరినైనా మాట్లాడుకుంటే పాత వీడియోలు చూపించమనడంతో ఆగిపోకండి, అవి అందరివీ బాగానే ఉంటాయి. ఏదో ఒక పాత పనికి సంబంధించిన కాగితాలు అడగండి, ప్రశ్నల జాబితా, ఏమేం తీయాలో రాసిన షాట్ లిస్ట్, ఏ గంటకి ఎవరు ఎక్కడుండాలో రాసిన కాల్ షీట్. కస్టమర్ పేరు కొట్టేసి చూపించమనండి, పర్లేదు. తడబడితే అక్కడే లేచి వచ్చేయండి. మీ పనికి ఆ కాగితాలు చేతికి వచ్చాకే రెండో విడత డబ్బు అని ఒప్పందంలో రాయించండి. ఎన్నిసార్లు మార్పులు ఉచితం, రా ఫుటేజ్ (ఎడిట్ చేయకముందు తీసిందంతా) ఎవరిది, మ్యూజిక్ లైసెన్స్ ఎవరి పేరు మీద అన్నవి కూడా. మా ఒప్పందంలో రా ఫుటేజ్ ఊసే లేదు, అది ఇవ్వడానికి ఇప్పుడు విడిగా డబ్బు అడుగుతున్నారు.

ఇప్పుడు వేరే టీమ్‌తో మళ్లీ మొదలుపెట్టాం. మొదటిసారి కెమెరా కూడా లేకుండా ఇద్దరే వచ్చారు, నోట్‌బుక్‌తో. ఆ ఆఫీసు గదిలోకి వెళ్లి ఒకావిడ గది ఎంత మోగుతుందో చప్పట్లు కొట్టి చూసి, కాసేపు గోడవైపు చెవి పెట్టి, "కంప్రెసర్ ఏ టైముకి ఆపగలరు?" అని అడిగింది. షూటింగ్ వచ్చే నెల. గళ్ల చొక్కా బీరువాలో పెట్టేశాను, సాదా నీలం తీసుకున్నాను అని మా ఫోర్‌మన్ నిన్నే చెప్పారు.