డ్రాఫ్ట్ గైడ్: షూటర్ల భాగానికే డబ్బులివ్వొచ్చు

విశాఖ ఎంవీపీ కాలనీలో పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతాను. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ ముందు ఓ వెబ్‌సైట్ అమ్మే గైడ్ కొన్నాను. కాలేజీ కుర్రాళ్ల షూటింగ్ మీద రాసింది మాత్రం అదిరింది. అవతలి నుంచి వేస్తే మూడు పాయింట్లొచ్చే త్రీ పాయింట్ గీత, కాలేజీలో బుట్టకు 22 అడుగుల ఒకటిముప్పావు అంగుళాల దూరం. ఎన్‌బీఏలో, మూలల్లో తప్ప, 23 అడుగుల 9 అంగుళాలు. అందుకే త్రీల శాతం చూసి మురిసిపోకుండా ఫ్రీ త్రో (ఫౌల్ అయ్యాక అడ్డు లేకుండా వేసే షాట్) శాతం కూడా పక్కనే పెట్టారు. మోచేయి ఎక్కడ బయటికి పోతోందో ఫొటోల్లో గీత గీసి మరీ చూపించారు.

డిఫెన్స్‌కి రెండంటే రెండు లైన్లు! పైగా నాలుగేళ్లు కాలేజీలో ఆడినవాళ్లను ముసలాళ్లలా తీసిపారేశారు. మరి నాలుగేళ్లు కాలేజీలో ఆడి, 2012 డ్రాఫ్ట్‌లో 35వ వాడిగా ఎంపికై, తర్వాత ఎన్‌బీఏలో మేటి డిఫెండర్ అయిన డ్రేమండ్ గ్రీన్ సంగతేంటి? ర్యాంకుల పట్టికలు ఎక్కడైనా ఫ్రీగానే దొరుకుతాయి. ఇందులోవి ఫోన్‌లో సగం తెగిపోతున్నాయి కూడా, సిరిపురం వెళ్లి ప్రింట్ తీయించుకోవాల్సొచ్చింది.