గ్యాస్ గ్రిల్లు మంచిదే, షాపులో దాంతోపాటు అంటగట్టిన రెగ్యులేటర్ సంగతే చెప్పాలి

ఈ గ్రిల్లు మీద నాకు కోపం లేదు. కోపమంతా దాంతోపాటు షాపులో చేతికిచ్చిన రెగ్యులేటర్ మీద. 2021 దసరాకు కొన్నాం, ఇప్పటికీ నల్గొండలో మా డాబా మీద పనిచేస్తూనే ఉంది. ఎన్ని బర్నర్లు, జాలీ సైజు ఎంత, చక్రాలున్నాయా లేవా అనేవి ఎక్కడ చూసినా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. గ్యాస్ బండకూ గ్రిల్లుకూ మధ్య ఉండే ఆ మూరెడు సామాను గురించి మాత్రం కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

గ్రిల్లు వెనకాల గ్యాస్ ఎక్కే చోట ఇత్తడి చుట్ల మూతి ఒకటి ఉంటుంది. దానికి బిగించే నట్టు అంచుల మీద సన్నటి గాట్లు కనిపిస్తాయి. అంటే చుట్లు ఎడమవైపువి, మామూలు నట్టులా కుడికి తిప్పితే బిగవదు. ప్రొపేన్, బ్యూటేన్ లాంటి మండే గ్యాసుల దగ్గర చుట్లు ఇలా తిరగేసి పెట్టేది పొరపాటున వేరే పైపులు ఎక్కకూడదనే. పెట్టెలో వచ్చిన పుస్తకం యూరప్ వాళ్ల కోసం అచ్చేసింది. అందులో బొమ్మలన్నీ వాళ్ల బండలవే: 21 మిల్లీమీటర్ల క్లిప్ వాల్వు, 27 మిల్లీమీటర్ల క్లిప్ వాల్వు, చుట్లు తిప్పి ఎక్కించేవి. మన ఇంటి బండ మూతి 22 మిల్లీమీటర్లది. ఆ బొమ్మల్లో మనది లేదు. షాపువాళ్లు ఆ చుట్ల మూతికి పైపు ఎక్కే నాజిల్ ఒకటి బిగించి, ఆకుపచ్చ పైపు ముక్క తొడిగి, ఇంకో కొసకు జోరు పెంచే ఎర్ర బిరడా ఉన్న రెగ్యులేటర్ పెట్టి ఇచ్చారు. ఇంటికి తెచ్చి బండ మీద పెట్టి నొక్కితే టక్కుమని కూర్చుంది. సరిపోయింది కదా అనుకుంటాం ఎవరమైనా.

చిక్కంతా ఇక్కడే ఉంది. మూతికి సరిపోవడం వేరు, పొయ్యికి సరిపోవడం వేరు. ఇంట్లో స్టవ్‌కు పెట్టే రెగ్యులేటర్, టిఫిన్ సెంటర్ల భట్టీలకు పెట్టే హై ప్రెషర్ రెగ్యులేటర్, రెండూ అదే 22 మూతి మీద చక్కగా కూర్చుంటాయి. ఇంటి రెగ్యులేటర్ గ్యాస్‌ను 30 మిల్లీబార్ల దగ్గర కట్టేస్తుంది. అంటే ఒక అడుగు ఎత్తున నిలబెట్టిన నీళ్ల ఒత్తిడి ఎంతో అంతే. భట్టీ రెగ్యులేటర్ బిరడా పూర్తిగా తిప్పితే, రకాన్ని బట్టి, రెండు బార్ల దాకా, అంటే రెండు వేల మిల్లీబార్ల దాకా, పోయేవి ఉన్నాయి. అది ఆరేడంతస్తుల బిల్డింగ్ మీది ట్యాంకు నుంచి కింది నల్లాకు వచ్చే జోరు. నా గ్రిల్లు పక్కన అతికించిన లేబుల్ మీద జి30 కి 28-30, జి31 కి 37 అని స్పష్టంగా ఉంది. జి30 అంటే బ్యూటేన్, జి31 అంటే ప్రొపేన్, ఆ అంకెలు మిల్లీబార్లు. మన బండలో ఉండేది ఆ రెండిటి కలగలుపు, మన ఇంటి రెగ్యులేటర్ ఇచ్చేది 30. అంటే ఈ గ్రిల్లుకు కావాల్సింది వంటింట్లో ఉన్నలాంటిదే. భట్టీది అస్సలు కాదు.

షాపువాళ్లిచ్చిన రెగ్యులేటర్‌తో మొదట్లో గ్రిల్లు అద్భుతంగా నడిచిందన్న మాట కూడా నిజమే. ఐదు నిమిషాల్లో జాలీ ఎర్రబడేంత వేడి. బొగ్గుల గోల లేదు, ఊదేది లేదు, మసి లేదు అని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. మా వదిన నా మాట విని కొనబోయింది కూడా.

తర్వాతి చలికాలంలో మా ఇంట్లో దావత్. నాగార్జునసాగర్ నుంచి మా బామ్మర్ది కొర్రమీను తెచ్చాడు. అల్లం వెల్లుల్లి, కారం, నిమ్మకాయ పట్టించి జాలీ మీద పెట్టి మూత దించాం. డాబా మీద గాలి బాగానే ఉంది. చేప లోపల ఉడకడం లేదని వాడు బండ దగ్గరికి పోయి ఎర్ర బిరడా ఇంకాస్త తిప్పాడు. బర్నర్ దగ్గర 'భర్ర్'మని ఒక చప్పుడు వచ్చి, ఆగిపోయింది. గ్యాస్ జోరు ఎక్కువైతే మంట బర్నర్ రంధ్రాలను పట్టుకుని ఉండలేదు, పైకి లేస్తుంది, ఆ మీద గాలి తగిలితే ఊడిపోతుంది. ఇక్కడా అదే జరిగింది. మంట ఆరింది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. మూత కింద ఉంది కాబట్టి ఎవరికీ కనిపించలేదు. వాసనైనా రావాలి కదా అంటారా? గ్యాస్‌లో ఆ కుళ్లు వాసన కోసమే మెర్కాప్టన్ కలుపుతారు, కానీ వెల్లుల్లి కారం ఘాటులో అది ఎవరి ముక్కుకు అందుతుంది! పైగా ఈ గ్యాస్ గాలికంటే బరువు, పైకి పోదు, గ్రిల్లు అడుగున డొల్లలో చేరుతుంది.

"బావా, ఆరినట్టుంది" అంటూ వాడు మూత ఎత్తకుండానే అంటించే బటన్ నొక్కాడు.

ధబ్ మంది. మూత దానంతట అది పైకి లేచి వెనక్కి కొట్టుకుంది. నీలం మంట ఒక్క దెబ్బలో వాడి మోచేతి దాకా వచ్చి పోయింది. చేతి మీద వెంట్రుకలు మాడి చిన్న చిన్న నల్ల ముడులైపోయాయి, ఒక కనుబొమ్మ సగం పోయింది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు. చేప ముక్కలు సగం డాబా మీద పడ్డాయి. మా అత్తమ్మ కింద నుంచి "ఏమైందిరా, బాంబా?" అని అరుస్తూ మెట్లెక్కి వచ్చింది. బండ దగ్గర రెగ్యులేటర్ ఆఫ్ చేశాక కూడా చాలాసేపు దాని దగ్గరికి పోబుద్ధి కాలేదు.

షాపుకు పోయి అడిగితే వచ్చిన జవాబు: "దాంతోనే మంట జోరుగా వస్తది సార్, అందరూ గదే తీస్కపోతున్నరు." లేబుల్ చూపించాను. చూశాడు, నవ్వాడు, వేరే గిరాకీ వైపు తిరిగాడు. డబ్బులు పోతే పోయాయి, ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

విషయం తేల్చింది బండ వేసే అన్న. నిండు బండ దించి, సీలు తీసి, వాల్వు లోపల రబ్బరు వాచర్ వేలితో చూస్తూ పక్కనున్న రెగ్యులేటర్ చేతిలోకి తీసుకున్నాడు. "గిది భట్టీలకు పెట్టేది సార్. ఇంట్ల ఎవలు పెట్టమన్నరు? దీనికి ఆపేదే లేదు, ఎంత తిప్పితే అంత ఇడుస్తది" అన్నాడు. పైపు పిండి చూసి దాన్నీ పక్కన పడేశాడు. ఆ ఆకుపచ్చ పైపు నాజిల్ దగ్గర గట్టిపడి, వంచితే సన్నటి పగుళ్లు కనిపించాయి. పైన జాలీ నుంచి కారే కొవ్వు నూనె పడే చోటుకు జానెడు దూరంలోనే అది వేలాడుతుండేది.

అప్పుడు మార్చినవే ఇప్పటికీ నడుస్తున్నాయి. ఒకటి, గ్యాస్ ఏజెన్సీలోనే కొన్న ఐఎస్ఐ గుర్తున్న మామూలు ఇంటి రెగ్యులేటర్. రెండోది సురక్ష పైపు, నారింజ రంగుది, లోపల ఉక్కు తీగల అల్లిక ఉంటుంది. దాని మీద ఐఎస్ 9573 అనే ప్రమాణం నంబరు, ఏ సంవత్సరం దాకా వాడొచ్చో కూడా అచ్చు ఉంటుంది. ఐదేళ్లకు మార్చేయాలి. మీటరున్నర కంటే పొడుగు తీసుకోకూడదు. మా గ్రిల్లు కింద అరలో మన 14.2 కిలోల బండ పట్టదు, అది పొట్టి విదేశీ బండ కోసం చేసిన అర. మొదట్లో అదొక లోపమనుకున్నాను. ఇప్పుడు పట్టకపోవడమే మేలనిపిస్తుంది, వేడికీ కారే నూనెకూ దూరంగా, పక్కన నిటారుగా నిలబడుతుంది. పైపు గ్రిల్లు వెనకాల నుంచి తిరిగి వస్తుంది, ఎక్కడా పెట్టెను తాకదు.

కొత్త పైపు బిగించిన రోజు సబ్బు నీళ్ల పరీక్ష చేశాం. మగ్గులో షాంపూ పాకెట్ సగం కలిపి, గ్రిల్లు బిరడాలన్నీ ఆఫ్‌లో ఉంచి, రెగ్యులేటర్ ఆన్ చేసి, పాత పెయింట్ బ్రష్‌తో జాయింట్లన్నిటికీ పూశాం. రెగ్యులేటర్ దగ్గర ఏమీ లేదు. గ్రిల్లు నాజిల్ దగ్గర క్లిప్పు కింద మాత్రం ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి ఉబ్బుతూ వచ్చాయి. స్క్రూడ్రైవర్‌తో రెండు చుట్లు బిగిస్తే ఆగాయి. అప్పటి నుంచి బండ మార్చినప్పుడల్లా ఈ పని మా పెద్దోడిది, వాడికి అదొక ఆట. అగ్గిపుల్ల పెట్టి చూసే వాళ్లు ఇంకా ఉన్నారు మన దగ్గర, వాళ్లకు దండం.

ఇంకో మార్పు, అంటించే ముందు మూత తెరిచే ఉంటుంది, ఎంత గాలి ఉన్నా సరే. మంట ఆరితే ముందు గ్రిల్లు బిరడాలు, ఆ వెంటనే రెగ్యులేటర్ బంద్. మూత తీసి, కనీసం ఐదు నిమిషాలు ముచ్చట్లు పెట్టుకున్నాకే మళ్లీ లైటర్. మా బామ్మర్ది దీన్ని 'కనుబొమ్మ టైం' అంటాడు. గ్యాస్ లీకైతే ఫోన్ చేయాల్సిన 1906 నంబర్ గ్రిల్లు మూత లోపల పెయింట్‌తో రాద్దామన్నాడు, మూత వేడికి పెయింట్ ఊడుతుందని గోడ మీద రాశాం.

ఇప్పుడు మొదటి మెచ్చుకోలు సంగతి. ఐదు నిమిషాల్లో రెడీ అని ఊరంతా చెప్పాను కదా, అది గ్రిల్లు గొప్పతనం కాదు, భట్టీ ప్రెషర్ చలవ. సరైన రెగ్యులేటర్ పెట్టాక జాలీ బాగా కాగడానికి పావుగంట పడుతోంది. మూడు బర్నర్లు ఒకేసారి పూర్తిగా తెరిస్తే మూడోదాని మంట కొంచెం తగ్గుతుంది, ఎందుకంటే ఇంటి రెగ్యులేటర్ ఒక హద్దుకు మించి గ్యాస్ వదలదు. నాకు రెండు బర్నర్లు చాలు, మూడోది కాలిన ముక్కలు పక్కకు పెట్టుకునే చోటు అయింది. చికెన్, కొర్రమీను, పన్నీరు, మక్కకంకులు బ్రహ్మాండంగా వస్తాయి. నాటుకోడి మాత్రం దీని మీద పెట్టకండి, పైన మాడుతుంది, లోపల రబ్బరు. బొగ్గుల పొగ వాసన కావాలంటే ఇది ఇవ్వదు. మటన్ సీకులకు మేం ఇప్పటికీ బొగ్గులే రాజేస్తున్నాం.

గ్యాస్ ఖర్చుకు లెక్క ఒకటి ఉంది. గ్రిల్లు లేబుల్ మీద ఎన్ని కిలోవాట్లో చూసి 12.8 తో భాగిస్తే గంటకు ఎన్ని కిలోల గ్యాస్ తాగుతుందో వస్తుంది. తొమ్మిది కిలోవాట్ల గ్రిల్లు మొత్తం తెరిచి పెడితే గంటకు సుమారు 700 గ్రాములు. ఆ లెక్కన 5 కిలోల చిన్న బండ ఏడు గంటలు రావాలి. కానీ చలికాలం రాత్రి రాదు. గ్యాస్ జోరుగా లాగేకొద్దీ లోపలి ద్రవం చల్లబడి, బండ చుట్టూ చెమట పట్టి, మంట నీరసపడుతుంది. గ్యాస్ అయిపోయిందనుకుంటాం, తెల్లారి చూస్తే ఇంకా ఉంటుంది. అప్పుడు బండను పడుకోబెట్టడం, వేడినీళ్లలో పెట్టడం లాంటి సలహాలు వస్తాయి. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటర్‌లోకి దిగుతుంది, ఆ తర్వాత మంట ఎవరి చేతుల్లోనూ ఉండదు. మాకు డబుల్ సిలిండర్ కనెక్షన్ ఉంది కాబట్టి పెద్ద బండే వాడుతున్నాం, ఆ బాధ తగ్గింది. ఆ చెమట వల్ల ఒక లాభం కూడా ఉంది, తడి ఎక్కడిదాకా ఉందో చూస్తే లోపల గ్యాస్ ఎంతుందో తెలిసిపోతుంది.

అమెరికాలో ఉన్న మా చిన్నాన్న కొడుకు ఫొటో పంపాడు, వాళ్ల గ్రిల్లు పైపు కొసన చేత్తో తిప్పి బిగించే ప్లాస్టిక్ నట్టు. అక్కడ మంటలంటుకుని ఆ నట్టు వేడెక్కితే గ్యాస్ దానంతట అదే ఆగిపోతుందట, పైపు తెగి గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువ పోయినా తగ్గించేస్తుందట. కుళ్లుకున్నాను. కానీ ఆ పైపు, ఆ రెగ్యులేటర్ సూట్‌కేసులో తెచ్చుకున్నా మన బండ మీద కూర్చోవు. కూర్చోబెడతానని ఎవరైనా మెకానిక్ అడాప్టర్ తీస్తే వద్దనండి. విదేశాల నుంచి గ్రిల్లు తెచ్చుకున్న వాళ్లు లేబుల్ మీద ప్రెషర్ చూసుకోవాలి. జర్మనీ సామాను 50 మిల్లీబార్లకు చేసింది ఉంటుంది, అది మన 30 మీద నీరసంగానే మండుతుంది. మన ప్రైవేటు కంపెనీల బండలకు కొన్నిటికి మూతి సైజు వేరు, రెగ్యులేటర్ కొనేముందు బండ మూతి ఫొటో అయినా తీసుకుపోండి.

కొనొచ్చా అంటే, మాకు సొంత ఇల్లు, పైన తెరిచిన డాబా, గాలి ఆడే చోటు ఉంది కాబట్టి నేను కొనమనే చెప్తాను, అదీ రెగ్యులేటర్ మీరు విడిగా ఏజెన్సీలో తీసుకుంటే. అద్దాలు బిగించిన ఫ్లాట్ బాల్కనీ ఉన్న వాళ్లకు చెప్పను, మా వదినకు కూడా అందుకే వద్దన్నాను, ఆవిడ కరెంటు గ్రిల్లు తీసుకుంది. మే నెల నల్గొండ ఎండల్లో మేం బండను డాబా మీద ఉంచం, వాడే సాయంత్రమే పైకి, పని కాగానే కిందికి. రెండంతస్తులు బండ మోసే ఓపిక లేని ఇంట్లో ఈ గ్రిల్లు మూలన పడటం ఖాయం. మా ఇంట్లో అది మోసేది బామ్మర్ది, వాడు సెలవులకు వచ్చినప్పుడే ఇది వెలుగుతుంది.